అన్న దాచిన ప్లాస్టిక్ సిపాయిలు

మా అన్న వేళ్లకు స్పర్శ పోయిందన్న సంగతి మాకు ఒక ప్లాస్టిక్ సిపాయి వల్ల తెలిసింది.

ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. ఆదివారం కావడంతో చంద్రపూర్‌లో జట్‌పురా గేట్ దగ్గరి నా జిరాక్స్ దుకాణం మూసి ఉంది. పొద్దున్నే బండి తీసి బాబూపేటలో అన్న ఇంటికి వెళ్లాను. పార్సిల్ వచ్చిందని ముందురోజే ఫోన్ చేసి చెప్పాడు. నేను వెళ్లేదాకా దాన్ని విప్పడు. ఒక్కడే కూర్చుని పార్సిల్ విప్పితే పండగపూట ఒంటరిగా అన్నం తిన్నట్టుంటుందని అనేవాడు.

వదిన కత్తెరతో టేపు కోసింది. బుడగల ప్లాస్టిక్ పొరల్లోంచి ఆకుపచ్చ బట్టల సిపాయి బయటికొచ్చాడు. అరచేతంత మనిషి. మెడ, భుజాలు, మోచేతులు, మోకాళ్లు అన్నీ తిరుగుతాయి. మా చిన్నప్పుడు దుకాణాల్లో అమ్మి, తర్వాత తయారీ ఆగిపోయిన రకం. అలాంటి పాతవాటిని వెతికి వెతికి కూడబెట్టడం మా అన్నకు వ్యసనం. ఇప్పుడు అవే బొమ్మలకు అచ్చు తీసి, అవే రంగులు వేసి, కొత్తగా చేసి అమ్ముతున్నారు. కొందరు కొత్తవని చెప్పే అమ్ముతారు. కొందరు చెప్పరు.

అన్న ఆ సిపాయిని ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో వీపు నిమిరాడు. మోకాలు వంచి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చాడు.

"అసలీ మాల్ తమ్మీ," అన్నాడు. "మన చిన్నప్పటిది. సూడు, ఎంత మంచిగ దాసిపెట్టిండో ఎవడో."

నేను చేతిలోకి తీసుకున్నాను. తీసుకోగానే తెలిసిపోయింది. వీపులో ఉన్న స్క్రూ కొత్త స్టీలు గిన్నెలా మెరుస్తోంది. నడుము వెనక అచ్చుపడిన అక్షరాలు ఎండకు కరిగిన మైనంలా మొద్దుగా ఉన్నాయి. చంక కింద అతుకు గీత గోరుకు తగులుతోంది. ఇవన్నీ చూడాలని నాకు నేర్పింది అన్నే. నాకు నేర్పేటప్పుడు కళ్లు మూసుకుని, కేవలం వేళ్లతో చెప్పేవాడు.

తలెత్తి వదిన వైపు చూశాను. వదినకు ఈ బొమ్మల సంగతి పెద్దగా తెలియదు. నా మొహం మాత్రం చదివేసింది. చెప్పొద్దన్నట్టు కళ్లతోనే వారించింది.

అన్న మొహం నా వైపు తిప్పాడు. "ఏంది, మాట్లాడుతలేవు?"

నేను బొమ్మను మళ్లీ ఒకసారి తిప్పి చూశాను.

"నక్లీనా?"

"అవునన్నా. కొత్తగ చేసిందే. స్క్రూ మెరుస్తుంది. అక్షరాలు మొద్దుగున్నయ్."

ఆయన చెయ్యి చాపాడు. నేను బొమ్మ ఇచ్చాను. అల్మారాలోంచి పాత సిపాయిని ఒకదాన్ని తెమ్మని వదినకు చెప్పాడు. రెంటినీ రెండు చేతుల్లో పెట్టుకుని, వీపుల మీద బొటనవేళ్లు ఆడిస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

"నాకు రెండూ ఒక్కతీరే తాకుతున్నయ్ రా," అన్నాడు చివరికి.

ఆయనకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. దాంతో మొదట కళ్లు దెబ్బతిన్నాయి. నాగపూర్‌లో కంట్లో సూదులు వేయించుకున్నా, ఎదుటి మనిషి ఆకారం కనిపించేది గాని మొహం కనిపించేది కాదు. ఓపెన్‌కాస్ట్ గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్నవాణ్ని పక్కన కూర్చోబెట్టి, తర్వాత ఇంటికి పంపేశారు. కళ్లు పోతున్నా ఆయన అంతగా కుంగిపోలేదు. "నాకు నజర్ వేళ్లల్ల ఉన్నది," అనేవాడు. ఆ వేళ్లు కూడా మొద్దుబారుతున్నాయని ఆయనకు ముందే అనుమానం ఉండి ఉంటుంది. మాకు చెప్పలేదంతే. కొన్నాళ్ల కింద కాగే చాయ్ గిన్నెను బట్ట లేకుండా దించాడని, వేళ్లు బొబ్బలెక్కినా కిక్కురుమనలేదని ఆ రోజు వదిన గుర్తు చేసుకుని, వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

ఈ సిపాయిల పిచ్చి ఎక్కడ మొదలైందో నాకు తెలుసు.

మా బాపు కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గు గనిలో పనికి వచ్చి చంద్రపూర్ దగ్గరి మాజ్రిలో స్థిరపడ్డాడు. గని కాలనీలో రెండు గదుల క్వార్టర్. బళ్లో మరాఠీ, బజార్లో హిందీ, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు నాకు అమ్మ నేర్పింది. అన్నకు ఓపిక లేక నేర్చుకోలేదు. ఒకసారి బాపు ఛాతీ ఫొటో తీయించుకోవడానికి నాగపూర్ వెళ్లి, వస్తూ వస్తూ ఒక సిపాయిని తెచ్చాడు. ఇద్దరు కొడుకులకు కలిపి ఒక్కటే. అట్టకు అంటించిన ప్లాస్టిక్ డొప్పలో నిలబడి ఉన్నాడు. కాలనీలో ఎవరి దగ్గరా లేని వస్తువు.

అలాంటి బొమ్మలకు నడుము లోపల ఒక చిన్న రబ్బరు చుట్టు ఉంటుంది. ఛాతీనీ కాళ్లనూ అదే పట్టి ఉంచుతుంది. మేం తిప్పీ తిప్పీ దాన్ని తెంపేశాం. సిపాయి నడుము దగ్గర రెండు ముక్కలయ్యాడు. పైభాగం అన్న తీసుకున్నాడు, కాళ్లు నాకు వచ్చాయి. నేను ఏడుస్తుంటే అమ్మ జాకెట్లు కుట్టే దారంతో రెంటినీ కలిపి కట్టింది. అప్పట్నుంచి సిపాయి నిలబడలేకపోయాడు, ఎప్పుడూ ముందుకు వంగి దండం పెడుతున్నట్టుండేవాడు. తర్వాత క్వార్టర్ మారినప్పుడు ఎక్కడో పోయాడు. నేను మర్చిపోయాను. అన్న మర్చిపోలేదు.

పెద్దయ్యాక, ఉద్యోగంలో చేరి, పెళ్లి చేసుకుని చంద్రపూర్‌కు మకాం మార్చాక, ఒకరోజు గోల్‌బజార్ వెనక పాత సామాన్లు అమ్మే కబాడీ దుకాణంలో ఫ్యాన్ మోటారు కోసం వెతుకుతుంటే ఆయనకు పగిలిన బకెట్ల కుప్పలో అలాంటి సిపాయి దొరికాడు. ఒక చెయ్యి లేదు. కబాడీవాడు ఊరికే తీసుకుపొమ్మన్నాడు. ఆ రోజు మా ఇంటికి వచ్చి, జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, "గుర్తు పట్టినవా?" అని అడిగినప్పుడు అన్న మొహంలో ఉన్న వెలుగు నేను ఆయన పెళ్లిలో కూడా చూడలేదు.

ఆ తర్వాత అది అలవాటైంది. వరోరా, బల్లార్పూర్, వణి, ఎక్కడ పాత సామాన్ల బజార్ ఉన్నా సెలవు రోజు అక్కడికి బండి తీసేవాడు. వెనక నేను కూర్చునేవాణ్ని. కబాడీవాళ్లు దూరం నుంచి ఆయన్ను చూసి "ఆవో గుడ్డేవాలే భాయ్", రా బొమ్మలన్నా, అని పిలిచేవాళ్లు. ఇంటికి తెచ్చి సబ్బు నీళ్లలో కడిగి, పాత పళ్ల బ్రష్‌తో సందులు తోమి, చీకిపోయిన రబ్బరు తీసి కొత్తది వేసి, స్టీలు అల్మారాలో వరుసగా నిలబెట్టేవాడు. రంగు పోయినవాటికి రంగు వేసేవాడు కాదు. విరిగిన చేతికి వేరే చెయ్యి అతికించేవాడు కాదు.

వాళ్లకు పిల్లలు లేరు. పిల్లలు లేక బొమ్మలు పెట్టుకున్నాడని చుట్టాలు అనుకునేవాళ్లు. ఒక పెళ్లిలో ఆ మాట వదిన చెవిన పడింది. వదిన నెమ్మదస్తురాలు. ఆ రోజు మాత్రం అందరి ముందే, "ఆయన బొమ్మల జోలికి మీరు రాకుండ్రి. మీ ఇంట్ల తాగుబోతులున్నరు, మేమేమన్న అన్నమా?" అని కడిగేసింది. ఆ తర్వాత మా ఎదుట ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఫోన్లు వచ్చాక అన్నకు లోకం పెద్దదైంది. ఇలాంటి బొమ్మలు కూడబెట్టేవాళ్లు దేశమంతా ఉన్నారని తెలిసింది. అలాంటివాళ్ల గ్రూపులో చేరాడు. పుణె, ముంబై, ఇండోర్, ఎక్కడెక్కడివాళ్లో ఫొటోలు పెట్టి, ఇది అసలీనా నకిలీనా అని అడిగేవాళ్లు. అన్న హిందీలో ఒక్క ముక్కలో జవాబిచ్చేవాడు. గ్రూపులో అందరూ ఆయన్ను దాదా, అంటే అన్నా, అని పిలిచేవాళ్లు.

ఆ రోజుల్లోనే కొత్త నకళ్లు రావడం మొదలైంది. మొదట్లో నాసిరకంగా ఉండేవి. రానురాను ఎంత బాగా చేశారంటే, నాకు పాతవాటికన్నా అవే నచ్చేవి. కీళ్లు గట్టిగా ఉంటాయి, రంగు తళతళలాడుతుంది, చేతిలో తుపాకీ కూడా ఉంటుంది. ఒకసారి అడిగాను.

"అన్నా, కొత్తది గింత మంచిగుంటే పాతదెందుకు? సూసుడుకు రెండూ ఒక్కటే కదా."

ఆయన కోప్పడలేదు. అల్మారాలోంచి రెండు బొమ్మలు తీసి పక్కపక్కన నిలబెట్టాడు. కొత్తది వెంట్రుకవాసి పొట్టిగా ఉంది. "అచ్చు మీద అచ్చు తీస్తే ఇట్ల అయితది," అన్నాడు. తర్వాత పాతదాన్ని తిప్పి పాదం అడుగు చూపించాడు. అక్కడ నీలం సిరాతో ఒక మరాఠీ అక్షరం ఉంది. బడిపిల్లల వంకర రాత.

"ఎవడో పోరడు తన పేరు రాసుకున్నడు. దోస్తుల బొమ్మలల్ల కలిసిపోవద్దని. వాడు ఇప్పుడు నా అంతోడు అయ్యుంటడు. ఉన్నడో లేడో. కొత్తగ చేసేటోడు స్క్రూ చేస్తడు, రంగేస్తడు. గిదెక్కడ చేస్తడు?"

సిరా చెరుగుతుందని ఆ బొమ్మను కడగనేలేదు.

వేళ్ల సంగతి బయటపడ్డాక డాక్టర్ దగ్గరికి వెళ్లాం. నరాలు పాడయ్యాయని, పోయింది తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని చెప్పాడు. కాళ్లు రోజూ చూసుకోమన్నాడు. బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు అన్న నన్ను అడిగింది ఒక్కటే.

"నువ్వు ఆదివారం ఆదివారం వస్తవు కదా? జర ఎక్కువసేపు కూసుంటవా?"

అలా నేను ఆయనకు కళ్లూ వేళ్లూ అయ్యాను. గ్రూపులో వచ్చిన ఫొటోలు చూసి ఆయనకు చెప్పాలి. స్క్రూ తలలో గాడి ఎలా ఉంది, కనుబొమల రంగు గీత దాటి పూశారా, పాదం కింద రంధ్రం గుండ్రంగా ఉందా. ఆయన అడిగే ప్రశ్నలకు నా జవాబులు ఎప్పుడూ చాలేవి కావు. "ఎర్రగున్నదంటే ఎట్ల? ఇటుకనా, టమాటనా, ఎండిన మిరపకాయనా?" అని విసుక్కునేవాడు. కొన్నిసార్లు నేను తేల్చుకోలేక తెలియదనేవాణ్ని. అప్పుడు ఆయన చెయ్యి తనంతట తానే ముందుకు వచ్చి, ఫోన్ అద్దాన్ని తాకి, వెనక్కి వెళ్లిపోయేది.

ఆ ఏడు వానలు పడుతున్నప్పుడు వదిన నేల తుడుస్తూ రక్తం మరకలు చూసింది. గుమ్మం నుంచి మంచం దాకా వరుసగా ఉన్నాయి. అన్న చెప్పులోంచి బొటనవేలి కిందికి మేకు దిగి ఉంది. ఎప్పుడు దిగిందో ఆయనకు తెలియదు. పొద్దున్నుంచీ దాని మీదే నడిచాడు. పుండు మానలేదు. నాగపూర్ ఆస్పత్రిలో కాలి బొటనవేలు తీసేశారు. తర్వాత పక్కనున్న వేళ్లు కూడా. ఆస్పత్రిలో ఆయన ఒక్కసారి కూడా బొమ్మల మాట ఎత్తలేదు. రైల్లో ఇంటికి తిరిగి వస్తుంటే, మాజ్రి దాటాక, కిటికీ వైపు మొహం పెట్టి అన్నాడు.

"తమ్మీ, సిపాయిలను ఇచ్చేస్త."

"ఎవరికి?"

"కండ్లున్నోళ్లకు."

నేను వద్దన్నాను. వదిన వద్దంది. ఇంట్లో ఉంటే ఏం బరువని అడిగింది. ఆయన వినలేదు. "అల్మారా ముంగట నిలవడి సూసినట్టు నటించుడు నాతోని కాదు," అన్నాడు.

ఎవరికివ్వాలో కూడా ఆయనే నిర్ణయించుకున్నాడు. గ్రూపులో నాగపూర్ నుంచి ఒక ఆడమనిషి ఉండేది. కాలేజీలో పాఠాలు చెబుతుంది. గతంలో ఒకసారి అన్న అసలీ అన్నదాన్ని ఆమె కాదంది. రెండు రోజులు వాదులాడుకున్నారు. చివరికి ఆమె మాటే నిజమైంది. అందరి ముందు తన మాట కాదన్న మనిషి ఆమె ఒక్కతే కాబట్టి, ఆమెకే ఇవ్వాలన్నాడు.

ఆమె దసరా సెలవుల్లో వచ్చింది. ముప్పై దాటిన మనిషి, కళ్లద్దాలు, భుజానికి గుడ్డ సంచి. మరాఠీలో మాట్లాడింది. గుమ్మంలోనే చెప్పులు విడిచి, వంగి అన్న పాదాలకు దండం పెట్టబోయి, కట్టు చూసి ఆగిపోయింది. వదిన చాయ్ ఇచ్చింది. ఆమె నేల మీద తెల్ల దుప్పటి పరిచింది. నేను అల్మారాలోంచి ఒక్కొక్క సిపాయినే తీసి అందిస్తున్నాను. అన్న మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"అసలీ కుడిదిక్కు పెట్టు బేటా, నక్లీ ఎడమదిక్కు," అన్నాడు మరాఠీలో. "నాకు చెప్పుకుంట పెట్టు."

ఆమె భూతద్దం పెట్టి చూసి, చెప్పి, పెట్టేది. మొదట చాలాసేపు అన్నీ కుడివైపే వెళ్లాయి. అన్న మొహం తేటపడింది. ఏ బొమ్మ ఎక్కడ దొరికిందో చెప్పడం మొదలుపెట్టాడు. ఇది వరోరా సంతలో. ఇది వానలో తడుస్తూ తెచ్చింది. ఇది ఇచ్చిన ముసలమ్మ బదులుగా తన మిక్సీ బాగుచేయించుకుంది. ఆమె నవ్వుతూ వింటోంది.

తర్వాత చివరి రెండు మూడేళ్లలో కొన్నవి వచ్చాయి. వేళ్లు మొద్దుబారుతున్నా ఎవరికీ చెప్పకుండా, నన్ను అడగకుండా, ఆటోలో గోల్‌బజార్‌కు వెళ్లి తనే తడిమి కొన్నవి. ఎడమవైపు కుప్ప పెరగసాగింది. మొదట్లో "నక్లీ" అని స్పష్టంగా చెప్పిన ఆమె గొంతు తగ్గుతూ వచ్చింది. ఒక బొమ్మ దగ్గర ఆమె ఏమీ అనలేదు. నాకేసి చూసి, దాన్ని మెల్లిగా కుడివైపు పెట్టబోయింది.

"ఎందుకు చెప్తలేవు?" అన్నాడు అన్న.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నా మీద దయ తల్చకు బేటా. రేపు నీ ఇంటికి వచ్చినోళ్లు సూసి, ఆ ముసలోడు నక్లీని అసలీ అని అంటగట్టిండు అంటరు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"నక్లీ, దాదా," అంది ఆమె, బొమ్మను ఎడమవైపుకు మారుస్తూ. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

అన్నిటికన్నా ఆఖర్న గడ్డమున్న సర్దారు బొమ్మను తీశాను. చాలా ఏళ్ల కింద ముంబై నుంచి తెప్పించుకున్నది. అప్పటికి అన్న కళ్లూ వేళ్లూ బాగున్నాయి. అల్మారాలో పై అరలో మధ్యన అదే ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లకు అసలీ ఎలా ఉంటుందో చూపించాలంటే ఆయన దాన్నే తీసేవాడు. నాకు నేర్పింది కూడా దాని మీదే.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. మోచేతులు వంచింది. భుజం దగ్గర భూతద్దం పెట్టింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూసి వచ్చింది.

"దాదా, ఒళ్లు అసలీ. తల అసలీ. కాళ్లు అసలీ. చేతులు రెండూ కొత్తవి."

వదిన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"రెండు చేతులా?" అన్నాడు అన్న.

"రెండూ. ఎవరో విరిగినవి తీసేసి నకలు చేతులు వేశారు. రంగు బాగా కలిపారు. ప్లాస్టిక్ మాత్రం వేరు."

అన్న నవ్వడం మొదలుపెట్టాడు. చాలా నెలల తర్వాత ఆయన నవ్వు విన్నాను. పొట్ట అదిరేలా నవ్వాడు.

"అప్పుడు కండ్లు బరాబర్ ఉండె. వేళ్లు బరాబర్ ఉండె. నేనే అందరికి చెప్పేటోన్ని. అప్పుడు కూడ మోసపోయిన్రా తమ్మీ!"

నవ్వుతూ నవ్వుతూ ఉండగానే భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వదిన వచ్చి పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆయనకు తెలిసిందో లేదో. చాలాసేపటికి గాని ఆయన వదిన వైపు తిరగలేదు.

"దీన్ని ఎటు పెట్టను దాదా?" అని అడిగింది నాగపూర్ ఆమె.

"నడుమ పెట్టు," అన్నాడు.

వెళ్లేటప్పుడు ఆమె దాన్ని కూడా అడిగి తీసుకుంది. పాత చేతులు ఎక్కడైనా దొరికితే వేస్తానంది. ఒక్కొక్క సిపాయికీ పాత మరాఠీ పేపర్ చుట్టి, అట్టపెట్టెల్లో సర్ది, నేను ఆటోలో స్టేషన్ దాకా దింపి వచ్చాను. తిరిగి వచ్చేసరికి అల్మారా తలుపులు తెరిచే ఉన్నాయి. ఖాళీ అరల్లో సిపాయిలు నిలబడ్డ చోట దుమ్ము లేని చిన్న చిన్న మచ్చలు వరుసగా కనిపించాయి. వదిన తడిగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడింది. తుడవలేదు.

నకిలీవి మిగిలాయి. వాటిని పారేద్దామా అని అడిగాను. అన్న వద్దన్నాడు. దీపావళి సెలవుల్లో ఒక సాయంత్రం గల్లీలోని పిల్లలను పిలిపించి, తలా ఒకటి పంచమని వదినకు చెప్పాడు. ఇన్నేళ్లలో ఆ అల్మారాను ముట్టుకోవడానికి పిల్లలెవరికీ ధైర్యం లేదు. వాళ్లు నమ్మలేక గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. రెండు జడల పిల్ల ఒకతె ముందుకు వచ్చి, విరిగితే కోప్పడతావా తాతా అని మరాఠీలో అడిగింది.

"ఇరగనియ్యి బేటా," అన్నాడు తెలుగులోనే. "ఆడితెనే కదా ఇరుగుతయ్."

ఆ పిల్లకు అర్థమైంది. బాబూపేటలో సగం పిల్లలకు రెండు భాషలూ వస్తాయి.

ఆ తర్వాత సాయంత్రాలు అన్న కుర్చీ వాకిట్లో వేయించుకునేవాడు. పిల్లలు ఇంటి ముందు ఇసుక కుప్ప మీద సిపాయిలను నిలబెట్టి ఆడేవాళ్లు. ఒకడు తుపాకీ చప్పుడు నోటితో చేస్తాడు, ఇంకొకడు సచ్చిపోయినవ్ లే అని అరుస్తాడు, మొదటివాడు సచ్చిపోలే, దెబ్బ తాకిందంతే అని వాదిస్తాడు. అన్న తల ఒక పక్కకు వంచి అదంతా వింటూ కూర్చునేవాడు. ఒకరోజు నేను వెళ్లేసరికి ఒక సిపాయి ఆయన కట్టు కట్టిన పాదం మీద నిలబడి ఉన్నాడు. పిల్లలు ఆ పాదాన్ని కొండ చేసుకున్నారు. ఆయనకు తెలియదు. పిల్లలకు దూరం జరగమని చెప్పబోయాను గాని, వదిన నా భుజం తట్టి ఆపింది.

చలికాలం పోక ముందే పుండు పైకి పాకింది. మోకాలి కింద తీసేయాలన్నారు. తీసేశారు. గాయం మానుతోందనే అనుకున్నాం. తర్వాత కిడ్నీలు చెప్పిన మాట వినలేదు. ఒక మధ్యాహ్నం నేను దుకాణంలో ఎవరివో కులం సర్టిఫికెట్లు జిరాక్స్ తీస్తుంటే వదిన ఫోన్ చేసింది. "తమ్మీ, మీ అన్న..." అని ఆగిపోయింది. మిషన్‌లో కాగితాలు బయటికి వస్తూనే ఉన్నాయి. ఆపాలని తోచలేదు. ఆ కాగితాల కోసం వచ్చిన మనిషే మిషన్ ఆపి, షట్టర్ దించడానికి సాయం చేశాడు.

ఇరాయి నది ఒడ్డున అన్నీ అయిపోయాయి. గనిలో ఆయనతో పనిచేసినవాళ్లు వచ్చారు. గోల్‌బజార్ నుంచి కబాడీవాళ్లు ఇద్దరు వచ్చి, దూరంగా నిలబడి, దండం పెట్టి వెళ్లారు. వాళ్లకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

గ్రూపులో తెలియజేయాల్సిన పని నాకే పడింది. పదో రోజు కర్మ అయ్యాక అన్న ఫోన్ తీసి, దాదా ఇక లేరని హిందీలో రాశాను. ఆయన ఎన్నడూ చూడని మనుషులు వరుసగా దండాలు పెట్టారు. నాగపూర్ ఆమె ఫోన్ చేసి, వదినతో చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో వదిన నాకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఆ ఫోన్‌లో ఒక ఫొటో వచ్చి ఉంది. ఎవరో కుర్రాడు. ముందురోజు సంగతి చూసినట్టు లేడు. ఒక సిపాయిని బల్ల మీద పడుకోబెట్టి, వీపు కనిపించేలా ఫొటో తీసి, "దాదా, కొనొచ్చా? అసలీయేనా?" అని అడిగాడు.

నేను ఫొటో పెద్దది చేసి చూశాను. స్క్రూ చూశాను. అక్షరాలు చూశాను. నడుము వెనక అంచు చూశాను.

వదిన బియ్యం ఏరుతూ తలెత్తింది. "ఎవరు?"

"ఎవరో అన్నను అడుగుతుండు. బొమ్మ అసలీనా కాదా అని."

"నీకు తెలుస్తుందా?"

"తెలుస్తుంది. నక్లీ."

"అయితే చెప్పు మరి," అంది. "పాపం మోసపోతడు."

నక్లీ అని ఒక్క ముక్క రాసి పంపాను. వెంటనే జవాబు వచ్చింది. థాంక్యూ దాదా, మీ ఆరోగ్యం ఇప్పుడెలా ఉంది అని. వదినకు చదివి వినిపించాను. వదిన చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. తనకు చదవడం రాదు. కాసేపు ఆ అక్షరాల వైపే చూసి, ఫోన్‌ను బోర్లా పెట్టి, మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరసాగింది.